ఎవర్టన్ స్టేడియాన్ని ఆపింది అభిమానులా, సూపర్ మార్కెట్టా?

2009 నవంబరు చివరి వారంలో, బ్రిటన్ ప్రభుత్వంలో స్థానిక పాలన వ్యవహారాలు చూసే మంత్రి జాన్ డెనమ్ ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త స్టేడియానికి అనుమతి నిరాకరించారు. 1892 నుంచి ఆడుతున్న గుడిసన్ పార్క్ మైదానాన్ని వదిలి, లివర్‌పూల్ నగర సరిహద్దు దాటి, సుమారు నాలుగు మైళ్ల దూరంలోని కిర్క్‌బీ పట్టణానికి తరలిపోవాలన్నది ఆ ప్రతిపాదన. దాని మీద అభిమానులు మూడేళ్లకు పైగా రెండుగా చీలి వాదించుకున్నారు. నిర్ణయం వెలువడినప్పుడు ఒక వర్గం గెలిచామంది, మరో వర్గం క్లబ్బు భవిష్యత్తుకు గండి పడిందంది. మంత్రి చెప్పిన కారణాలను నిదానంగా చదివితే మాత్రం, అభిమానులు అన్నాళ్లూ దేని కోసం తలపడ్డారో ఆ విషయం అందులో ఎక్కడో ఓ మూలన తప్ప కనిపించదు. కనిపించేవన్నీ దుకాణాల విస్తీర్ణం, చుట్టుపక్కల ఊళ్ల బజార్లకు కలిగే దెబ్బ, ప్రాంతీయ ప్రణాళికతో ఈ పథకానికి పొసగకపోవడం.

అభిమానులు అడిగిన ప్రశ్న ‘మా క్లబ్బు ఎక్కడ ఉండాలి?’ అన్నది. చట్టం అడిగిన ప్రశ్న ‘ఈ నేలను ఈ పనికి వాడుకోవచ్చా?’ అన్నది. ఒకే స్టేడియం గురించి రెండు వేర్వేరు వాదాలు పక్కపక్కనే నడిచాయి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ మైదానాల తరలింపు గొడవలు బయటివారికి అయోమయంగా తోచడానికి మూలం ఇదేనని నా అభిప్రాయం. ఎవర్టన్ ఉదంతంలో ఈ రెండింటినీ విడదీసి చూడటానికి కావలసినంత సమాచారం బహిరంగంగా నమోదై ఉంది.

ముందు, తరలిపోవాలన్న ఆలోచన ఎందుకు వచ్చిందో చూడాలి. గుడిసన్ పార్క్ ఇరుకైన వరుస ఇళ్ల మధ్య ఇమిడిపోయిన మైదానం. ఒక మూల రెండు స్టాండ్ల మధ్యలోకి సెయింట్ ల్యూక్ చర్చి చొచ్చుకొని వచ్చి ఉంటుంది. బుల్లెన్స్ రోడ్ వైపు స్టాండును ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు రూపొందించాడు. బాల్కనీ అంచు వెంట అల్లికలా సాగే ఆ ఉక్కు కడ్డీల వరస ఆయన పనికి గుర్తు. ఆ స్టాండు పైకప్పును మోసే స్తంభాలు ప్రేక్షకుల మధ్యలోనే నిలబడి ఉంటాయి కనుక, వెనక వరసల్లో కూర్చున్న వాడికి స్తంభానికి ఆ పక్క గోలుపోస్టు కనబడితే ఈ పక్క కార్నర్ జెండా కనబడదు. అలాంటి సీట్లను ‘చూపు అడ్డు’ టికెట్లుగానే అమ్మేవారు. 1948లో లివర్‌పూల్‌తో మ్యాచ్‌కు ఇక్కడ 78,299 మంది వచ్చారు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మందిని బలిగొంది. దాని మీద వచ్చిన టేలర్ నివేదిక తర్వాత పెద్ద క్లబ్బుల మైదానాలన్నీ నిలుచునే మెట్లను తీసేసి సీట్లు వేయాల్సి వచ్చింది. గుడిసన్ సామర్థ్యం 40 వేల దగ్గరకు పడిపోయింది. మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ వంటివి కార్పొరేట్ బాక్సులతో, విందుశాలలతో ఒక్కో మ్యాచ్‌కూ సంపాదించే దానిలో ఎవర్టన్‌కు దక్కేది కొద్ది వాటా. పక్క వీధుల ఇళ్లు కొని కూల్చకుండా ఆ స్థలంలో మైదానం పెంచడం కష్టమని క్లబ్బు యాజమాన్యం, కష్టమే గానీ అసాధ్యం కాదని కొందరు అభిమానులు అనేవారు.

అంతకుముందే ఒక కల చెదిరింది. నగర మధ్యలో, మెర్సీ నది ఒడ్డున ఉన్న కింగ్స్ డాక్ (ఓడలు ఆగే రేవు) స్థలంలో 55 వేల సీట్ల స్టేడియం కట్టడానికి 2001లో ఎవర్టన్‌ను ఎంపిక చేశారు. క్లబ్బు తన వాటాగా పెట్టాల్సిన 3 కోట్ల పౌండ్లు కూడగట్టలేకపోవడంతో 2003లో ఆ అవకాశం చేజారింది. నదీతీరాన వెలగాల్సిన స్టేడియం స్థానంలో తర్వాత కచేరీల అరీనా వచ్చింది. కిర్క్‌బీ వివాదంలో అభిమానుల కోపం అంత తీవ్రంగా ఉండటానికి ఈ నేపథ్యం ఒక కారణం. చేతికందిన నది ఒడ్డు పోయింది, ఇప్పుడు నగరమే దాటి పొమ్మంటున్నారు అన్న భావన అది.

2006 జూన్‌లో ఎవర్టన్, సూపర్ మార్కెట్ల సంస్థ టెస్కో, కిర్క్‌బీ పట్టణాన్ని పాలించే నోజ్లీ కౌన్సిల్ కలిసి, ఈ పథకం మీద తమలో తామే మాట్లాడుకుంటామని ఒప్పందం కుదుర్చుకున్నాయి. టెస్కోకు అప్పుడు అధిపతిగా ఉన్న సర్ టెర్రీ లీహీ చిన్ననాటి నుంచీ ఎవర్టన్ అభిమాని. పథకం మొత్తం విలువ 40 కోట్ల పౌండ్ల దాకా అన్నారు. స్టేడియంతో పాటు ఒక భారీ టెస్కో దుకాణం, పదుల సంఖ్యలో ఇతర కొట్లు, హోటల్ అందులో భాగం. ఆ స్థలంలో ఉన్న కొన్ని ఇళ్లను కూల్చవలసి ఉంటుంది.

ఈ అమరిక వెనక ఉన్న లెక్క అర్థమైతే తర్వాతి కథంతా అర్థమవుతుంది. మామూలు పరిస్థితుల్లో ఒక చిన్న పట్టణం అంచున అంత పెద్ద వ్యాపార సముదాయానికి అనుమతి దొరకడం కష్టం. దొరికితే మాత్రం ఆ భూమి విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. పెరిగిన ఆ విలువలో ఒక భాగాన్ని స్టేడియం నిర్మాణానికి మళ్లించాలన్నది ఆలోచన. అంటే స్టేడియానికి డబ్బు దుకాణం వల్ల రావాలి, దుకాణానికి అనుమతి స్టేడియం పేరు మీద రావాలి. అందువల్ల దుకాణం చిన్నదైతే స్టేడియానికి డబ్బు చాలదు. దుకాణం పెద్దదైతే అనుమతి ప్రమాదంలో పడుతుంది. ఈ ముడి మొదటి రోజు నుంచీ ఉంది. అభిమానుల చర్చలో మాత్రం ‘టెస్కో సాయం చేస్తోంది’ అన్న మాటకు దక్కిన చోటు దానికి దక్కలేదు.

2007 ఆగస్టులో క్లబ్బు అభిమానుల ఓటు పెట్టింది. సీజన్ టికెట్లు ఉన్నవారు, వాటాదారులు, క్లబ్బు సభ్యులు అర్హులు. మొత్తం 36 వేలకు పైగా బ్యాలెట్ పత్రాలు పంపారు. ఎన్నికలు నిర్వహించే ఒక స్వతంత్ర సంస్థ లెక్కింపు చేసింది. తరలింపుకు అనుకూలంగా 15,230 ఓట్లు, వ్యతిరేకంగా 10,468 ఓట్లు పడ్డాయి. పోలైన ఓట్లలో అనుకూలం 59.27 శాతం. క్లబ్బు దీన్ని ప్రజాతీర్పుగా ప్రకటించింది. కానీ ఓటు వేయనివారిని కూడా కలిపి చూస్తే, అర్హుల్లో సగానికి తక్కువ మందే ‘సరే’ అన్నారని ప్రత్యర్థులు ఎత్తిచూపారు. రెండు లెక్కలూ నిజమే.

నా దృష్టిలో అసలు చిక్కు శాతంలో లేదు, వరసలో ఉంది. ఓటు జరిగిన నాటికి నిర్మాణ అనుమతి కోసం పూర్తి దరఖాస్తే దాఖలు కాలేదు. రవాణా ఎలా, డబ్బు ఎక్కడి నుంచి, స్టేడియం నాణ్యత ఎంత, ప్రత్యామ్నాయాలు ఎందుకు కుదరవు అన్న వివరాలన్నీ క్లబ్బు పంపిన కరపత్రం స్థాయిలోనే ఉన్నాయి. ఆ మాటలను ఎదురుప్రశ్నలతో పరీక్షించే వేదిక ఏడాది తర్వాత గానీ ఏర్పడలేదు. ముందు తీర్పు, తర్వాత సాక్ష్యం అన్నట్టుగా సాగింది వ్యవహారం. ఓటు వేసిన చాలామంది తర్వాత మనసు మార్చుకున్నామని చెప్పడంలో ఆశ్చర్యం లేదు.

అభిమానుల వాదాల్లో మొదటిది సరిహద్దు. ‘కీప్ ఎవర్టన్ ఇన్ అవర్ సిటీ’ అనే బృందం పేరులోనే వారి వాదమంతా ఉంది: మన నగరంలోనే ఎవర్టన్‌ను ఉంచండి అని. లివర్‌పూల్ నగరంలో ఇద్దరు పోటీదారులుండి, ఒకరు నగరం వదిలి వెళితే, నగరం పేరు పెట్టుకున్న రెండోవారికి ఊరంతా అప్పజెప్పినట్టే కదా అన్నది వారి ప్రశ్న. ఇందులో చరిత్ర వ్యంగ్యం కూడా ఉంది. నేడు లివర్‌పూల్ క్లబ్బు మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో 1892 దాకా ఆడింది ఎవర్టనే. స్థల యజమాని జాన్ హౌల్డింగ్‌తో అద్దె తగాదా వచ్చి, పార్కు అవతలి పక్కకు మారి గుడిసన్ కట్టుకుంది. ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్‌లో ఆడించడానికి హౌల్డింగ్ పెట్టిన జట్టే లివర్‌పూల్ ఎఫ్‌సీ. ఒకసారి ఇల్లు మారినందుకు పొరుగున ఆగర్భ శత్రువు పుట్టిన క్లబ్బుకు, మరోసారి మారడమంటే జంకు ఉండదా?

వీరి ముందు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. లండన్ క్లబ్బు వింబుల్డన్‌ను దాదాపు 60 మైళ్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో ఫుట్‌బాల్ సంఘం నియమించిన కమిషన్ అనుమతించింది. ఆగ్రహించిన అభిమానులు ఆ ఏడాదే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు పెట్టుకున్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకోవడం చూసిన తెలుగు అభిమానులకు ఈ భయం కొత్తగా వివరించనక్కరలేదు. కిర్క్‌బీని మిల్టన్ కీన్స్‌తో పోల్చడం మాత్రం అతిశయోక్తి. నాలుగు మైళ్లెక్కడ, 60 మైళ్లెక్కడ?

సరిహద్దు వాదానికి మరో బలహీనత ఉంది. కిర్క్‌బీ పరాయి ఊరు కాదు. యుద్ధం తర్వాత, 1950లలో, 60లలో లివర్‌పూల్ మురికివాడలను కూల్చి అక్కడి కుటుంబాలకు ఇళ్లు కట్టించిన చోటు అది. ఆ ఇళ్లలో ఎవర్టన్ అభిమానులు వేలల్లో ఉన్నారు. అంతెందుకు, ఎవర్టన్ జట్టు మైదానంలోకి అడుగుపెట్టేటప్పుడు మోగే బాణీ 1962లో మొదలైన ఒక బీబీసీ పోలీసు సీరియల్‌ది. ఆ సీరియల్‌లోని కల్పిత పట్టణానికి నమూనా కిర్క్‌బీయే. కిర్క్‌బీకి వెళితే మన మూలాలు పోతాయనేవారికి సమర్థకులు ఇచ్చిన జవాబు ఇదే: మూలాలే అక్కడికి వెళ్లి 50 ఏళ్లయింది.

సమర్థకుల వాదం ప్రధానంగా డబ్బుది. క్లబ్బు అప్పటి ఛైర్మన్ బిల్ కెన్‌రైట్ నాటకరంగ నిర్మాత, వీరాభిమాని, కానీ రష్యా కుబేరుల స్థాయి ధనవంతుడు కాదు. ఇంత తక్కువ సొంత ఖర్చుతో స్టేడియం మళ్లీ దొరకదని, వదులుకుంటే గుడిసన్‌లో నెమ్మదిగా వెనకబడిపోవడమే మిగులుతుందని వారన్నారు. వ్యతిరేకులు చూపిన ప్రత్యామ్నాయాల్లో ముఖ్యమైనది స్కాట్లండ్ రోడ్ దగ్గర, సొరంగ మార్గం ముఖద్వారం పక్కన ఉన్న స్థలం. లివర్‌పూల్ కౌన్సిల్ కూడా దాన్ని ముందుకు తెచ్చింది. చాలా ఇరుకని, డబ్బు పెట్టే భాగస్వామి లేడని క్లబ్బు కొట్టిపారేసింది. రెండో అభ్యంతరమే గట్టిది. నగరంలో స్థలం ఉంది గానీ, టెస్కో లేదు.

ఇక చట్టం వైపు వద్దాం. ఇంగ్లండులో ఏ కట్టడానికైనా అనుమతి ఇచ్చేది మామూలుగా స్థానిక కౌన్సిలే. ఇక్కడ ఆ కౌన్సిల్ నోజ్లీ. 2008 జూన్‌లో అది అనుమతికి మొగ్గు చూపింది. ఆశ్చర్యం లేదు, పథకంలో అది భాగస్వామి. పట్టణ కేంద్రం బాగుపడాలని దాని కోరిక. చట్టం దీన్ని నిషేధించదు గానీ, ఇలాంటి సందర్భాల కోసం ఒక తాళం పెట్టింది. ఆమోదిత ప్రణాళికకు విరుద్ధంగా ఉన్న పెద్ద ప్రతిపాదనలను మంత్రికి నివేదించాలి. స్థానిక పరిధిని మించిన ప్రభావం ఉందనుకుంటే, 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 77వ సెక్షన్ కింద మంత్రి ఆ ఫైలును కౌన్సిల్ చేతుల్లోంచి తన చేతుల్లోకి తీసుకోవచ్చు. దీన్నే ‘కాల్ ఇన్’ అంటారు. 2008 ఆగస్టులో అప్పటి మంత్రి హేజెల్ బ్లియర్స్ అదే చేశారు.

కాల్ ఇన్ అయిన ఫైలు మీద బహిరంగ విచారణ జరుగుతుంది. పేరు విని మన దగ్గర పర్యావరణ అనుమతుల కోసం 2006 నోటిఫికేషన్ కింద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభ లాంటిదనుకుంటే పొరపాటు. మన సభలో జనం తమ మాట చెబుతారు, అధికారులు రాసుకుంటారు, సంస్థ ప్రతినిధి జవాబిస్తాడు. చాలాసార్లు అదంతా ఒక్క రోజులో ముగుస్తుంది. ఇంగ్లండు విచారణ దాదాపు కోర్టు. ప్రణాళికా ఇన్‌స్పెక్టరేట్ నుంచి వచ్చిన అధికారి అధ్యక్షత వహిస్తారు. రెండు పక్షాలకూ బారిస్టర్లు ఉంటారు. ప్రతి సాక్షీ తన వాంగ్మూలాన్ని ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, తర్వాత ఎదుటి బారిస్టర్ అడిగే ప్రశ్నలకు నిలబడాలి. వారాల తరబడి సాగాక ఇన్‌స్పెక్టర్ తన సిఫారసుతో నివేదిక రాస్తారు. అంతిమ నిర్ణయం మంత్రిది. అది నచ్చనివారు ఆరు వారాల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు, కానీ చట్టపరమైన తప్పు చూపించగలగాలి తప్ప, నిర్ణయం బాగాలేదంటే చాలదు.

కిర్క్‌బీ విచారణ 2008 నవంబరు 18న ఇన్‌స్పెక్టర్ వెండీ బర్డెన్ ఎదుట మొదలై కొత్త సంవత్సరంలోకి సాగింది. ఎదురు పక్షంలో ఎవరున్నారో చూస్తే విషయం ఎటు పోతోందో తెలిసిపోతుంది. అభిమానుల బృందం, కిర్క్‌బీ నివాసుల బృందం ఉన్నాయి నిజమే. వాటితో పాటు లివర్‌పూల్, సెఫ్టన్, సెయింట్ హెలెన్స్, వెస్ట్ లాంకషైర్ కౌన్సిళ్లు ఉన్నాయి. అదే ఏడాది నగర మధ్యలో లివర్‌పూల్ వన్ అనే భారీ దుకాణాల సముదాయాన్ని ప్రారంభించిన గ్రోవనర్ సంస్థ ఉంది. ఫుట్‌బాల్ కోసం ఇన్ని కౌన్సిళ్లు వకీళ్లను పెట్టుకోవు.

రవాణా మీద అభిమానుల వాదం చట్టానికి అర్థమయ్యే భాషలోకి మారిన చోటు విచారణే. కిర్క్‌బీ స్టేషన్ అప్పట్లో విచిత్రమైనది. లివర్‌పూల్ నుంచి వచ్చే విద్యుత్ రైలు అక్కడ ఆగిపోతుంది, విగన్ వైపు నుంచి వచ్చే డీజిల్ రైలు ఎదురుగా వచ్చి అక్కడే ఆగిపోతుంది. రెంటికీ కలిపి ఒకే పట్టాల వరస, మధ్యలో అడ్డుకట్ట. మామూలు రోజుల్లో నగరం వైపు పావుగంటకొక రైలు. ఊహకు ఒక లెక్క వేసి చూడండి: 50 వేల మందిలో పది వేల మందే రైలెక్కినా, ఒక్కో రైలులో వెయ్యి మందిని కుక్కినా, పది రైళ్లు కావాలి. పావుగంటకొకటి చొప్పున పదో రైలు కదిలే సరికి రెండు గంటలు దాటుతుంది. అదనపు రైళ్లు, ఊరి బయట కార్లు ఆపి బస్సుల్లో తీసుకురావడం, చుట్టుపక్కల వీధుల్లో నివాసులకు తప్ప పార్కింగ్ లేకుండా చేయడం వంటి ఏర్పాట్లు క్లబ్బు చూపింది. వాటిలో ఏది నిలబడుతుందో, ఏది కాగితం మీదే అందంగా ఉందో పరీక్షించడానికి విచారణ సరైన చోటు. గుడిసన్‌కు నడిచి వచ్చే అలవాటున్న అభిమానికి ‘అక్కడికి ఎలా పోతాం?’ అన్నది మనసులోని దిగులు. అదే దిగులు విచారణలో ట్రాఫిక్ సాక్ష్యంగా మారితే దానికి బరువు వస్తుంది.

డబ్బు విషయంలో బయటపడింది మరింత ముఖ్యం. స్టేడియం ఖర్చు సుమారు 13 కోట్ల పౌండ్లని, అందులో 7.8 కోట్లు ఎవర్టన్ స్వయంగా పెట్టుకోవాలని, మిగతా 5.2 కోట్లు పథకం నుంచి మళ్లుతాయని లెక్కలు వచ్చాయి. ఆ 5.2 కోట్లు ఎవరో సంచిలో పోసి ఇచ్చే సొమ్ము కాదు. అనుమతి వస్తే భూమి విలువ పెరుగుతుంది గనుక అందులోంచి రావలసిన లాభం. దాదాపు ఉచితంగా స్టేడియం వస్తోందన్న అభిప్రాయంతో ఓటు వేసిన వారికి ఇది రుచించలేదు. ఓటుకు ముందు క్లబ్బు తరఫున ఎక్కువగా మాట్లాడిన ముఖ్య కార్యనిర్వహణాధికారి కీత్ వైనెస్ అప్పటికే, 2008 వేసవిలో, పదవి వదిలి వెళ్లిపోయారు.

అయినా పథకాన్ని కూల్చింది ఇవేవీ కావు. పట్టణ కేంద్రాల రక్షణ మీద బ్రిటన్ విధానం అప్పట్లో చాలా స్పష్టం. పెద్ద దుకాణ సముదాయం పెట్టాలంటే దాని అవసరం నిరూపించాలి, ఆ ఊరి స్థాయికి తగిన పరిమాణంలో ఉందని చూపాలి, చుట్టుపక్కల బజార్లు దెబ్బ తినవని చూపాలి. కిర్క్‌బీ చిన్న పట్టణం. అక్కడ ప్రతిపాదించిన విస్తీర్ణం దాని అవసరాలను ఎంతో మించిపోయింది. మిగతా కొనుగోలుదారులు ఎక్కడి నుంచి రావాలి? బూటిల్, స్కెల్మర్స్‌డేల్ వంటి పొరుగు పట్టణాల నుంచి. అప్పటికే దెబ్బతిని ఉన్న ఆ బజార్లు ఇంకా పడిపోతాయన్నది ఆ కౌన్సిళ్ల వాదన. ఇన్‌స్పెక్టర్ అనుమతి వద్దన్నారు, మంత్రి డెనమ్ ఏకీభవించారు. స్టేడియం వల్ల, ఉద్యోగాల వల్ల పేద పట్టణానికి మేలు జరుగుతుందని ఒప్పుకుంటూనే, ఆ మేలు ఈ నష్టాన్ని మించదన్నారు. స్టేడియం ఒక్కదానికే అనుమతి ఇవ్వవచ్చు కదా అంటే, దుకాణం లేకుండా దానికి డబ్బు లేదు. పథకానికి కాళ్లనుకున్నవే సంకెళ్లయ్యాయి. క్లబ్బు హైకోర్టుకు వెళ్లలేదు.

అయితే అభిమానుల మాటకు విచారణల్లో విలువే లేదనుకోవడం కూడా తప్పు. దక్షిణ తీరంలోని బ్రైటన్ క్లబ్బు కథ చూడండి. అప్పటికే అమ్ముడుపోయిన పాత మైదానాన్ని 1997లో వదిలి, రెండేళ్లు మరో ఊళ్లో ఆడి, తర్వాత పరుగు పందేలు జరిగే వితడీన్ అనే చిన్న మైదానంలో తలదాచుకుంది. ఫాల్మర్‌లో కొత్త స్టేడియం కోసం అక్కడి అభిమానులు ఏళ్ల తరబడి ఉద్యమించారు. ఆ స్థలం ప్రకృతి సౌందర్యం పేరున రక్షణ ఉన్న ప్రాంతంలోకి అప్పట్లో వచ్చేది గనుక, 2003 విచారణ తర్వాత ఇన్‌స్పెక్టర్ వద్దన్నారు. అప్పటి ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ మాత్రం ఫైలు మూయలేదు. వేరే స్థలాలేవైనా పనికొస్తాయా అన్న ఒక్క అంశం మీద విచారణను తిరిగి తెరిపించి, 2005 అక్టోబరులో అనుమతి ఇచ్చారు. పొరుగున ఉన్న లూయిస్ కౌన్సిల్ కోర్టుకెక్కింది. ఊరి నిర్మిత ప్రాంతపు హద్దు గురించి నిర్ణయ పత్రంలో ఒక వాస్తవ దోషం దొర్లిందని ప్రభుత్వమే ఒప్పుకోవడంతో ఆ అనుమతి రద్దయింది. 2007 జూలైలో, తర్వాతి ఏడాది కిర్క్‌బీ ఫైలును కాల్ ఇన్ చేసిన ఆ హేజెల్ బ్లియర్సే ఫాల్మర్‌కు మళ్లీ అనుమతి ఇచ్చారు. 2011లో స్టేడియం తెరుచుకుంది.

రెండింటికీ తేడా ఎక్కడ? బ్రైటన్‌లో అడ్డంకి స్టేడియానికే సంబంధించింది, దానికి ఎదురుగా నిలబెట్టగల వాదం ‘మరో చోటు లేదు, క్లబ్బు బతకాలంటే ఇదే దారి’ అన్నది. అభిమానుల ఉద్యమం ఆ అవసరానికి సజీవ సాక్ష్యంగా పనికొచ్చింది. కిర్క్‌బీలో అడ్డంకి దుకాణానిది, అభిమానుల అవసరం దుకాణాన్ని సమర్థించలేదు. పైగా అభిమానులే రెండుగా చీలి ఉన్నారు. బ్రైటన్‌లో వారంతా ఒక్క గొంతుతో మాట్లాడారు.

నిర్ణయం తర్వాత కిర్క్‌బీకి ఏమి మిగిలిందన్నది లివర్‌పూల్ పత్రికల్లో తక్కువ చోటు దొరికిన ప్రశ్న. స్టేడియం లేకుండా చిన్న పథకంతో టెస్కో మళ్లీ ముందుకు వచ్చింది గానీ, ఏళ్లు సాగదీసి చివరికి తప్పుకుంది. పట్టణ కేంద్రానికి పెద్ద సూపర్ మార్కెట్ రావడానికి మరో దశాబ్దం పట్టింది, వచ్చినప్పుడు దాని బోర్డు మీద మరో సంస్థ పేరుంది. మన నగరం, మన క్లబ్బు అని పోరాడినవారి గెలుపులో ఈ పట్టణం పోగొట్టుకున్నది కూడా కలిసి ఉంది.

ఎవర్టన్ కథ చివరికి నది ఒడ్డుకే చేరింది. 2016లో ఫర్హాద్ మోషిరీ క్లబ్బులో పెట్టుబడి పెట్టాక, 1848లో ప్రారంభమైన బ్రామ్లీ మూర్ డాక్‌ను ఎంచుకున్నారు. నగర సరిహద్దు లోపలే, దుకాణం మీద ఆధారపడకుండా. ఈసారి అడ్డంకి వారసత్వానిది. ఆ డాక్ అప్పట్లో ప్రపంచ వారసత్వ ప్రాంతంలో భాగం, దాన్ని పూడ్చి కట్టాలి. చారిత్రక కట్టడాల బాధ్యత చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అభ్యంతరం చెప్పింది. 2021 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. మార్చిలో మంత్రి రాబర్ట్ జెన్రిక్ కాల్ ఇన్ చేయబోమన్నారు. జూలైలో యునెస్కో లివర్‌పూల్‌ను ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. నదీతీరంలోని ఇతర నిర్మాణాలతో పాటు ఈ స్టేడియం కూడా అందుకు కారణమని చెప్పింది. పొరుగు ఊళ్ల కొట్ల కోసం నెలల తరబడి విచారణ జరిపిన వ్యవస్థ, ప్రపంచ వారసత్వ హోదాయే ప్రమాదంలో ఉన్నప్పుడు విచారణ అక్కరలేదనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నగరమంతా, రెండు పెద్ద పార్టీలతో సహా, ఒకే మాట మీద ఉన్నప్పుడు మంత్రికి జోక్యం చేసుకోవడానికి రాజకీయ అవసరం కనిపించకపోవడమే అందుకు కారణమనుకుంటాను.

2025 మే 18న గుడిసన్‌లో పురుషుల జట్టు ఆఖరి మ్యాచ్ ఆడింది. ఆ ఆగస్టులో దాదాపు 53 వేల సీట్ల కొత్త స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. గుడిసన్‌ను కూల్చకుండా మహిళల జట్టుకు ఇచ్చారు. కొత్త చోట దగ్గరి రైల్వే స్టేషన్ శాండ్‌హిల్స్. మ్యాచ్ ముగిశాక అక్కడ జనం బారులు తీరి నిలబడటానికి ప్రత్యేకంగా ఆవరణ కట్టారు. చుట్టుపక్కల వీధుల్లో మ్యాచ్ రోజు పార్కింగ్ ఆంక్షలు పెట్టగానే అక్కడి చిన్న వ్యాపారులు ఎదురు తిరిగారు. కిర్క్‌బీ విచారణలో బారిస్టర్ల ముందు పెట్టి పరీక్షించిన ప్రశ్నల్లో కొన్ని ఇవే. బ్రామ్లీ మూర్‌కు విచారణ జరగలేదు కనుక, స్టేడియం తెరిచాక అవే ప్రశ్నలకు నగర కౌన్సిల్, రైలు సంస్థ, క్లబ్బు కలిసి జవాబులు వెతుక్కుంటున్నాయి.